మలుపులో కుట్టుగది

మా బాబాయి కనబడితే ఊళ్లో జనం ముందు తమ ప్రహరీగోడకేసి చూసుకునేవారు, ఆ తర్వాతే నమస్కారం పెట్టేవారు. ఉద్యోగం అలాంటిది. మునిసిపల్ ఆఫీసులో ఇళ్ల ప్లాన్లు చూసే విభాగంలో ఇన్‌స్పెక్టరు. ఎవరు ఎంతవరకు కట్టుకోవచ్చు, వీధికి ఎంత వదలాలి, ఏ వీధిలో కొట్టు పెట్టొచ్చు, ఏ వీధిలో కాపురాలు మాత్రమే ఉండాలి అన్నది చూసుకుంటూ, హద్దు దాటినవాళ్లని వెనక్కి జరపడం ఆయన పని. చొక్కా జేబులో ఎప్పుడూ టేపు ఉండేది కాబట్టి అందరూ టేపు సారు అనేవారు. నేనైతే మొహంమీదే టేపు బాబాయ్ అనేదాన్ని. దానికి ఆయనకి కోపం రాదు. సందులో అడ్డంగా బండి నిలిపి టీ తాగడానికి పోయేవాళ్లని చూస్తే మాత్రం వస్తుంది.

ఆ టేపు పిచ్చి ఆయనకి పెళ్లి కూడా కానివ్వలేదు. ఒకసారి సంబంధం మాట్లాడుకోవడానికి వెళ్లినప్పుడు, కాబోయే మామగారు కొత్తగా కట్టించిన బాల్కనీ చూపించి మురిసిపోతుంటే, అది వీధిమీదకి ఎంత వచ్చిందో ఈయన కింద నిలబడి చెప్పాడు. కాఫీ అయినా తాగకుండా తిరిగొచ్చారు. అమ్మ నెత్తి కొట్టుకుంది. నాన్న బస్సు డిపోలో మెకానిక్కు, మాటలు తక్కువ మనిషి. "బాల్కనీ నిజంగానే ముందుకొచ్చింది," అని ఊరుకున్నాడు.

చొక్కా జేబులో టేపయితే ప్యాంటు జేబులో సుద్ద. ఆఫీసువాళ్లు ఇచ్చే సుద్ద కాదు, మా అమ్మ గుడ్డమీద గీతలు పెట్టుకునే పలచటి సుద్దబిళ్ల. దాంతో అయితే గీత సన్నగా పడుతుందని ఆయన వాదన. అమ్మ స్కూలు పిల్లల యూనిఫారాలు కుడుతుంది. మిషను సొరుగులోంచి సుద్దలు ఒక్కొక్కటే మాయమవుతుంటే, నా సుద్దలన్నీ ఊరిమీద గీసి పారేస్తున్నాడని గొణిగేది. గొణుగుతూనే కొత్తవి తెచ్చి, సొరుగు తెరవగానే చేతికి తగిలేచోట పెట్టేది.

ఆ సుద్దతో బాబాయి ఒక పద్ధతి పెట్టుకున్నాడు. ఎవరైనా వీధిలోకి జరిగి కట్టారని తెలిస్తే వెంటనే నోటీసు రాసేవాడు కాదు. వెళ్లి, కొలిచి, ఆ ఇంటివాళ్ల కళ్లెదుటే నేలమీద గీత గీసేవాడు. మీ జాగా ఇంతవరకే, వానొచ్చి ఈ గీత చెరిగేలోపు మీ అంతట మీరే వెనక్కి తీసుకోండి, చెరిగాక కాగితం వస్తుంది అని చెప్పి వచ్చేసేవాడు. చాలామంది తీసుకునేవారు. ఒక పాత్రల కొట్టాయన మాత్రం వాన పడితే గీత చెరుగుతుందన్న భయంతో దానిమీద ప్లాస్టిక్ పట్టా కప్పి, నాలుగువైపులా ఇటుకలు పెట్టాడు. ఆఫీసులో అందరూ మండిపడితే బాబాయి పడీపడీ నవ్వాడు. తను చెప్పిన మాట ప్రకారం గీత చెరగలేదు కదా అని, ఆ పట్టా ఎండకి చివికి చిరిగేదాకా ఆగాడు. చిరిగిన రోజున కొట్టాయన సిగ్గుపడి తనే ముందరి చప్టా పగలగొట్టించుకున్నాడు.

నా సొంత జాగా వీధికి ఎందుకు వదలాలయ్యా అని అడిగినవాళ్లకి ఆయన చెప్పే సమాధానం కూడా అమ్మ దగ్గర ఎత్తుకొచ్చిందే. ఎదిగే పిల్లకి గౌను కుడితే లోపల మడతలో గుడ్డ వదులుతాం, లేకపోతే ఏడాది తిరిగేసరికి పిల్లకి ఊపిరాడదు, ఊరూ అంతే అనేవాడు. చిలక్కి చెప్పినట్టు అందరికీ అదే మాట.

ఇంతకీ అందరికీ మడత గురించి చెప్పే మనిషి ఉండేది మడతలో కట్టిన ఇంట్లోనే. మాది మూలిల్లు. వీధి తిన్నగా వచ్చి మా ఇంటి దగ్గర మలుపు తిరిగి లోపలికి పోతుంది. ఇంటిముందు వదలాల్సిన ఖాళీలో అమ్మ ఒక రేకులగది వేసుకుంది. అదే కుట్టుగది. బాబాయి కాలేజీలో చేరే ఏడు అది లేచింది, ఆయన్ని చదివించింది కూడా అదే. వీధివైపు తలుపు ఉంటేనే తల్లులు పిల్లల్ని తీసుకొని దిగబడతారు. మిషను, కత్తిరించే బల్ల, ఇస్త్రీ బల్ల, మూల స్టూలుమీద కాజాలు కుట్టుకుంటూ నేను. బాబాయి ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒకరోజు టేపు పట్టుకుని ఆ గదిముందు నిలబడ్డాడట. అమ్మ లోపల్నుంచి, "ఏరా, కొలతలివ్వడానికొచ్చావా? చొక్కాకా, ప్యాంటుకా?" అని అడిగేసరికి టేపు జేబులో పెట్టుకుని భోజనానికి కూర్చున్నాడట. ఆ తర్వాత ఆ గది ఊసు ఇంట్లో ఎవరూ ఎత్తలేదు.

వీధిలో మేమొక్కళ్లమే కాదు. మునిసిపాలిటీ పటంలో మా వీధి పసుపు రంగు, అంటే కాపురాలకి మాత్రమే. నిజానికి ప్రతి ముందరి గదిలోనూ ఎవరో ఒకరు ఏదో ఒకటి బాగుచేస్తూ, అతికిస్తూ, కుడుతూ ఉంటారు. వీధి చివర పరుపులు కుట్టే ఆయన ఉన్నాడు. ఒక మధ్యాహ్నం ఆయన దూదికి నిప్పంటుకుంది.

ఫైరింజన్ తొందరగానే వచ్చింది. వచ్చి, రిటైరైన హెడ్మాస్టారి ఇంటి దగ్గర ఇరుక్కుపోయింది. ఆయన ఇంటిమెట్లు వీధి మధ్యకి వచ్చేస్తాయి. ఇంజన్ ముందుకీ వెనక్కీ ఊగుతుంటే, మేమందరం బిందెలతో, బకెట్లతో పరుగెత్తాం. మనుషులకేమీ కాలేదు. పరుపుల కొట్టు మాత్రం నేలమట్టమైంది. ఆయన కాలిన మిషను తల ఒళ్లో పెట్టుకుని రోడ్డుమీద కూర్చుంటే చూడలేకపోయాను.

ఆ వారమంతా మా అమ్మ నోటికి అడ్డూ ఆపూ లేదు. హెడ్మాస్టారి ఇంటిముందుకెళ్లి, ఇంతమందికి చదువు చెప్పినవారు, మీ మెట్లమూలాన ఒకాయన కడుపుమీద దెబ్బ పడితే మీకు నిద్రెలా పడుతోందండీ అని అడిగేసింది. ఆయన మర్నాటికల్లా సిమెంటు మెట్లు పగలగొట్టించి, ఎత్తి లోపల పెట్టుకునే చెక్కమెట్లు చేయించుకున్నాడు. వీధి మొత్తం అమ్మని మెచ్చుకుంది. అమ్మ కూడా కాస్త మెచ్చుకుంది తనని తాను.

కమిషనర్ కొత్తగా వచ్చినావిడ, చిన్న వయసు. కాలిన కొట్టు చూడ్డానికి వచ్చి బూడిదలో చాలాసేపు నిలబడింది. వెళ్లి ఒకే ఒక్క ఆర్డరు వేసింది. పటంలో ఎలా ఉందో వీధి అలా ఉండాలి. ముందుకొచ్చినవన్నీ కూల్చాలి, ఇళ్లలో కొట్లూ పనులూ మూసేయాలి. వార్డు కౌన్సిలరుగారు దానికి పూర్తిగా ఎదురు. ఎక్కడివాళ్లని అక్కడే వదిలేయండి, ఓట్లేసే జనం అని ఆయన పాట. ఈ ఇద్దరి మధ్యా మా బాబాయి.

ఆయన కమిషనర్ గదిలో వాదించిన సంగతి ఆఫీసు అటెండరు చెబితే మాకు తెలిసింది. "పటం ప్రకారం చూస్తే ఆ వీధిలో మనుషులు పడుకోవచ్చు గానీ బతక్కూడదండీ," అన్నాడట. ఆవిడేమీ తక్కువ తినలేదు. "మీరన్నట్టే వదిలేస్తాను. ఈసారి మంటలో ఎవరైనా పోతే ఆ ఇంటికి వెళ్లి చెప్పేది మీరా, నేనా?" అని అడిగిందట. ఆవిడ అడిగినదాంట్లో తప్పేముంది? బాబాయి ఇంటికొచ్చి అన్నం కెలుకుతూ కూర్చున్నాడు.

దారి దొరికింది మా కుట్టుగదిలోనే. అమ్మ ఒక బొద్దు పిల్లాడికి యూనిఫారం తొడిగి చూస్తోంది. ముందు పొడుగు కుట్లు వేసి, ఒంటిమీద తొడిగి, చేతులెత్తించి, వంగమని, ఎక్కడ పట్టేస్తోందో చూసి అక్కడే సుద్దతో గీస్తుంది. టేపు చెప్పేది టేపు చెబుతుంది, తొడిగితేగానీ అసలు సంగతి తెలీదని ఆ తల్లితో అంటోంది. గుమ్మంలో చెప్పులు విప్పుతున్న బాబాయి విప్పడం ఆపేసి, ఒక చెప్పుతోనే నిలబడిపోయాడు.

మర్నాడు వెళ్లి కమిషనర్‌తో ఒప్పందం మాట్లాడుకున్నాడు. ఆదివారం ఉదయం ఫైరింజన్‌ని వీధిలోకి తెప్పిద్దాం. అది ఎక్కడ తగిలితే అక్కడ గీత గీద్దాం. దానికి అడ్డమైనంతమేర ఇంటివాళ్లే తీసేసుకోవాలి. తగలనిదాని జోలికి పోవద్దు. ఇంజన్ వీధి చివరిదాకా పోగలిగితే, ఇంటివాళ్లు తమ గదిలో తాము చేసుకునే పనుల్ని సాగనివ్వాలి, నిప్పుకి అంటుకునే సరుకు తప్ప. ఆవిడ ఒప్పుకుంటూ ఒక మెలిక పెట్టింది. వీధిలో ఒక్క ఇల్లు కాదన్నా సోమవారం తన ఆర్డరే అమలవుతుంది, బుల్డోజరు వస్తుంది.

వీధివాళ్లందరినీ పిలిచి బాబాయి ఈ సంగతి చెబితే, అందరికంటే ముందు సరే అన్నది మా అమ్మే. ఇంకెవరో నసుగుతుంటే, అడ్డమొచ్చింది తీయకపోతే ఎలా అని వాళ్ల నోరు కూడా మూయించింది. బాబాయి అమ్మ మొహంకేసి చూడలేదు. ఆ సాయంత్రం ఆయన మా మూలమీద టేపు పరిచి, మోకాళ్లమీద కూర్చుని ఏదో లెక్కేసుకోవడం చూశాను. ఆయన టేపు పరవడం మాకు కొత్తా ఏమిటి? ఆ వారమంతా అన్నం సరిగ్గా తినలేదు. అమ్మ ఆఫీసుని తిట్టింది.

ఆదివారం వీధంతా గుమ్మాల్లో, మేడలమీద. కమిషనరూ కౌన్సిలరూ కూడా వచ్చారు. డ్రైవరు పెద్ద మీసాల మనిషి, పెళ్లికొడుకు కారు నడుపుతున్నంత మురిపెంగా నడిపాడు. ఒకచోట రేకు పందిరి తగిలింది, గీత పడింది. ఇంకోచోట పూలకుండీల దిమ్మ, గీత పడింది. హెడ్మాస్టారు చెక్కమెట్లు ఎత్తి చంకన పెట్టుకుని నిలబడ్డాడు, ఇంజన్ ఆయన్ని రాసుకుంటూ దర్జాగా ముందుకి పోయింది. జనం చప్పట్లు కొట్టారు. అందరికంటే గట్టిగా మా అమ్మ.

మలుపు దగ్గర ఇంజన్ ముక్కు తిప్పింది. ఆగింది. వెనక్కెళ్లి మళ్లీ తిప్పింది. మళ్లీ ఆగింది. ఎదురు మూలన ట్రాన్స్‌ఫార్మరు ఉంది కాబట్టి అటు జరగడానికి లేదు. నిప్పంటుకున్న రోజు ఇంజన్ ఇంతదూరం రాలేదు కాబట్టి ఈ మలుపు సంగతి మాలో ఎవరికీ తట్టలేదు. డ్రైవరు తల బయటపెట్టి, ఈ రేకులగది ఉన్నంతకాలం తన బండి తిరగదన్నాడు.

బాబాయి ముందుకొచ్చి, జేబులోంచి సుద్ద తీసి, గడపలోంచి గదిలోకి వంగి గీత గీశాడు. గీత మిషను అవతలగా పోయింది. మిషనూ నా స్టూలూ గీతకి వీధివైపు ఉన్నాయి, కత్తిరించే బల్ల ఇంటివైపు. అంటే ఆ బల్ల పోగా గదిలో మిగిలేది నిలబడడానికి చాలదు. అమ్మ చప్పట్లు కొట్టిన చేతులు అలాగే ఉన్నాయి. బాబాయి లేచి నిలబడేదాకా చూసి, లోపలికెళ్లి తలుపేసుకుంది.

ఆ రోజు మా ఇంట్లో పొయ్యి వెలగలేదు. మధ్యాహ్నం కౌన్సిలరుగారు వచ్చి తలుపు అవతల్నుంచే మెల్లగా చెప్పాడు. మరిది ఇన్‌స్పెక్టరే కదమ్మా, మీరు కాదంటే చాలు, ఈ ఇంజన్ ఆట ఇక్కడితో ఆగిపోతుంది, బుల్డోజరు సంగతి నేను చూసుకుంటానని. అమ్మ తలుపు తీయలేదు. అమ్మ కాదంటే రేపు వీధి మొత్తానికి పని పోతుంది. సరే అంటే మా పని పోతుంది. బాబాయి మీద నాకు పిచ్చికోపం వచ్చింది. తెలిసీ ఒక్క ముక్క చెప్పకుండా, సొంత వదినని నలుగురి ముందూ అలా నిలబెడతాడా?

సాయంత్రం నాన్న తలుపు కొట్టి ఒకటే అడిగాడు. "మిషను ఎక్కడ పెడదాం?"

అమ్మ విసురుగా బయటికొచ్చింది. "మీ తమ్ముడి గదిలో పెడతాను. వాడు వీధిలో పడుకుంటాడు. వీధంటే అంత ప్రేమ కదా." అంటూనే కొంగు బిగించి, ఆయన సామాను బయట పారేయడానికి గదిలోకి నడిచింది. వెనకే నేను.

గదిలో పారేయడానికి ఏమీ లేదు. మంచం విప్పి గోడకి చేరేసి ఉంది. బట్టలపెట్టె వంటింటి పక్క నడవలోకి ఎప్పుడు చేరిందో మేం చూడనేలేదు. కిటికీకి ఎప్పుడూ వేసుండే తెర లేదు. గోడకి కొత్త ప్లగ్గు, మిషను దీపానికి. పక్కసందులోకి ఉన్న తలుపుకి ఏళ్లనాటి మేకులు పీకేసి, చప్పుడు చేయకుండా మడతబందులకి నూనె రాసి ఉంది. తల్లులూ పిల్లలూ అటునుంచి నేరుగా రావచ్చు. నేలమీద సన్నటి సుద్దగీతలు. ఒక చతురస్రంలో మిషను అని రాసి ఉంది. పొడుగుదాంట్లో బల్ల. కిటికీ కింద చిన్న గుండ్రటి గీతలో నా స్టూలు.

అమ్మ అక్కడే నేలమీద కూర్చుండిపోయింది. గుమ్మంలో బాబాయి నిలబడి ఉన్నాడు, తప్పుచేసిన బడిపిల్లాడిలా.

"ముందే ఎందుకు చెప్పలేదురా?"

"భయమేసింది వదినా."

"కమిషనర్‌తో అంతసేపు వాదించావట. నేనంటే భయమా?"

"ఆవిడ నాకు అన్నం పెట్టి పెంచలేదు కదా."

అమ్మ మొహం తిప్పుకుంది. ముక్కు చీది, అరచేత్తో మిషను గీతని చెరిపేసింది. ఇన్నేళ్లు పక్కన కూర్చుని చూసీ నేర్చుకోలేదు, వెలుతురు ఎడమ పక్కనుంచి పడాలని చెప్పి, సుద్ద ఇలా ఇమ్మంది. ఆయన జేబులోంచి తీసి ఇచ్చాడు. అవతలి గోడ పక్కన మళ్లీ గీసింది.

ఆ సుద్ద పట్టుకునే వీధివైపు గదిలోకి వెళ్లింది. అమ్మ ఏమంటుందోనని వీధిలో జనం ఇంకా పోలేదు, హెడ్మాస్టారూ కౌన్సిలరూ పరుపులాయనతో సహా. అందరూ చూస్తుండగా అమ్మ వంగి, బాబాయి గీసిన గీతకి ఇంటివైపు ఇంకో జానెడు వదిలి రెండో గీత గీసింది. బాబాయి కంగారుపడ్డాడు. ఇంజన్‌కి మొదటి గీత చాలు వదినా అన్నాడు.

"నువ్వు గీసింది ఇవాళ్టి ఇంజన్‌కి. రేపు ఇంకా పెద్దది రాదా? ఊరందరికీ చెబుతావు కదా, మడతలో గుడ్డ వదలాలని."

మర్నాడు బుల్డోజరు రాలేదు. నాన్న డిపోనుంచి ఇద్దర్ని తీసుకొచ్చి రేకులు విప్పాడు. పరుపులాయన దూది ఊరి బయట షెడ్డులో పెట్టుకుని, కుట్టుపని మాత్రం ఇంట్లో చేసుకుంటున్నాడు. మా వీధికి పటంలో పసుపుమీద సన్నటి చారలు గీయించిందట కమిషనర్. ఇళ్లూ పనులూ కలిసి ఉండొచ్చని దాని అర్థమని బాబాయి చెప్పాడు. ఇప్పటికీ ఆ మలుపులో ఎవరైనా బండి నిలిపితే, వాళ్లని తిట్టేది బాబాయి కాదు, అమ్మ.

అయితే నాకు గుర్తుండేది ఆ ఆదివారం సాయంత్రమే. వీధిలో జనం పోయాక అమ్మ మళ్లీ లోపలి గదిలోకి వచ్చి చుట్టూ చూసింది. బల్ల గీతల్ని చెరిపి కొంచెం జరిపి గీసింది, నా స్టూలు గీతని ఇంకొంచెం. మిగిలిన మూలలో, మిషను పక్కనే, ఇంకో పొడుగాటి గడి గీసింది. అది దేనికో మాకెవరికీ అర్థం కాలేదు.

"అదేంటి వదినా?"

"నీ మంచం."

బాబాయి నవ్వబోయాడు. పగలూ రాత్రీ కుడతావు, ఆ మిషను చప్పుడులో నాకు నిద్రెలా పడుతుందన్నాడు.

"నేను ఈ ఇంటికొచ్చేసరికి నీకింకా పాలపళ్లు ఊడలేదు," అంది అమ్మ, గీత దిద్దుతూ. "మిషను ఆగితే లేచి ఏడ్చేవాడివి."

బాబాయి గోడకి చేరేసిన మంచం బిగించి, ఆ గడిలో సరిగ్గా పట్టేలా వేశాడు.